అరకు నుంచి వచ్చినప్పటి నుంచి సైలెన్సర్లో తెల్ల పొగ, కూలెంట్ తగ్గిపోతోంది. హెడ్డు పోయినట్టేనా?

గాజువాక_బండోడు:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. బండి 2009 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 1100 సీసీ, నాలుగు సిలిండర్లు, ఇప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే మొదటి పది రిప్లైలూ ఆ కంపెనీ మీద గొడవకే సరిపోతాయి. మా నాన్నగారు కొన్న కారు, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. పదిహేనేళ్ళు నిండాయని 5,000 ఫీజు కట్టి ఆర్సీ రెన్యువల్ కూడా చేయించాను, అందుకే అమ్మేయమనే సలహా మాత్రం ఆఖర్న ఇవ్వండి.

డిసెంబర్ రెండో వారంలో అరకు వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు, డిక్కీ నిండా సామాను. ఎస్.కోట దాకా ఏ ఇబ్బందీ లేదు. ఘాట్ మొదలయ్యాక సెకండ్ గేర్లోనే లాగాల్సి వచ్చింది, ఏసీ వేసే ఉంది, టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే సగం దగ్గరే ఉంది. అనంతగిరి వచ్చేసరికి బయటే చల్లగా ఉందని ఏసీ తీసేసి అద్దాలు దించాం. అక్కడి నుంచి ఓ పావుగంట నడిపి ఉంటాను, పికప్ బాగా తగ్గింది, పాకం కాచినట్టు తియ్యటి వాసన వచ్చింది (దగ్గర్లో ఎవరో జీళ్ళు చేస్తున్నట్టున్నారు అన్నారు మా అత్తగారు). ముల్లు చూస్తే సగం నుంచి ఇంకా కిందికి దిగింది. చలికి ఇంజిన్ కూడా చల్లబడింది అని సంబరపడ్డాను.

అరకులో బోనెట్ ఎత్తితే కూలెంట్ బాటిల్ ఖాళీ. గంట ఆగి రేడియేటర్ మూత తీసి లాడ్జి కుళాయి నీళ్ళు పోస్తే దాదాపు రెండు లీటర్లు పట్టాయి. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే వెనక తెల్ల పొగ. లాడ్జి వాచ్‌మన్ "ఇక్కడ చలికి అన్ని బళ్ళకూ అంతే సార్" అన్నాడు, నిజంగానే పక్కనున్న నాలుగు కార్లూ పొగ వదులుతున్నాయి, సరేలే అనుకున్నా. దిగేటప్పుడు ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు వైజాగ్ వచ్చి ఐదు రోజులు. ఇక్కడ చలి లేదు, పొగ మాత్రం పోలేదు. పొద్దున స్టార్ట్ చేస్తే అర నిమిషం మిస్ కొడుతూ వణుకుతుంది, తర్వాత సర్దుకుంటుంది, పొగ పావుగంట తర్వాత కూడా వస్తూనే ఉంటుంది. రెండు రోజులకు అర లీటరు నీళ్ళు తగ్గుతున్నాయి. అది కాక, పార్కింగ్ చేసినచోట ముందు కుడివైపు టైర్ పక్కన నాలుగు చుక్కలు, ఎండితే గులాబీ రంగు మరక. అంటే కారుతోందా, కాలుతోందా, రెండూనా?

ఒక మేస్త్రి ఇంజిన్ ఆన్ చేసి పొగ చూసి, బోనెట్ కూడా ఎత్తకుండా "ఇంజిన్ అయిపోయింది, సెకండ్ హ్యాండ్ ఇంజిన్ దించుదాం, 48,000 అవుతుంది" అన్నాడు. ఇంకొకాయన 450 పెట్టి లీకులు ఆపే సీసా ఒకటి పోద్దాం అన్నాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

స్పానర్_12_13:

ముందు ఆ సీసా పోయించకు బ్రదర్. అది చిన్న రంధ్రాన్నీ మూస్తుంది, రేడియేటర్లో సన్న గొట్టాలనూ మూస్తుంది, హీటర్ కోర్‌నీ (కారు లోపలి హీటర్‌కి వేడి ఇచ్చే చిన్న రేడియేటర్) మూస్తుంది. తర్వాత అసలు రిపేరు చేయించినా బండి వేడెక్కుతూనే ఉంటుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. రెండోది, తేలేదాకా బండి కదపకు. ఆఫీసుకి బస్సులో వెళ్ళు.

పొగ గురించి. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, చల్లటి సైలెన్సర్‌కి తగిలి తెల్లగా కనిపిస్తుంది. అరకులో పక్క కార్లు వదిలింది అదే, వాచ్‌మన్ అబద్ధం చెప్పలేదు. అది పలచగా ఉంటుంది, గొట్టం దాటి రెండడుగులు పోగానే గాలిలో కలిసిపోతుంది, సైలెన్సర్ వేడెక్కాక ఆగిపోతుంది. కూలెంట్ మండితే వచ్చే పొగ చిక్కగా ఉంటుంది, వెనకే వేలాడుతుంది, ఇంజిన్ వేడెక్కాక కూడా వస్తుంది, తియ్యటి వాసన ఉంటుంది. నీలం కలిసిన పొగైతే ఇంజిన్ ఆయిల్, నలుపైతే పెట్రోల్ ఎక్కువ పోతోంది. గాజువాక గాలిలో, ఇంజిన్ వేడెక్కాక కూడా పావుగంట పొగంటే చలి పొగ కాదు. కానీ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్డుకీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) అని ఇప్పుడే తేల్చేయకు. నువ్వు రాసింది చదివితే రెండు లీకులు ఉన్నట్టున్నాయి, ఒకటి బయటికి, ఒకటి లోపలికి.

ఇవి చెప్పు: డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ మామూలుగా ఉందా, నీళ్ళు కలిసి టీలా ఉందా? హీటర్ కోర్ కారి ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉందా? పొద్దున చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేసిన నిమిషంలోనే రేడియేటర్ పై హోస్ పైపు రాయిలా గట్టిపడుతోందా?

డిపో_మేస్త్రి:

బాబూ, నేను ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్ళకు పైగా స్పానర్ పట్టినవాణ్ణి, ఇప్పుడు రిటైర్డు. నీ పోస్టులో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది, దాన్ని నువ్వు సంతోషంగా రాశావు. ముల్లు కిందికి దిగింది అన్నావు చూడు, అదే.

టెంపరేచర్ సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్ళు దాని మట్టం కన్నా కిందికి పోతే అది గాలిలోనో ఆవిరిలోనో వేలాడుతుంది, దాని చుట్టూ వేడి అంతగా అంటదు, ముల్లు దిగుతుంది. అప్పుడు లోపల హెడ్డు కాలిపోతూ ఉంటుంది, డ్రైవర్ మాత్రం చల్లగా ఉందని పాట పాడుకుంటాడు. బస్సుల్లో ఇది ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతే అందరూ ఆపుతారు. ఉన్నట్టుండి దిగితే ఎవరూ ఆపరు, ఆపాల్సింది నిజానికి అప్పుడే.

దాని మీద ఏసీ తీసేశావు. మామూలుగా ఏసీ వేస్తే ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. ఏసీ తీసేశాక ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో ఆ సెన్సరే చెప్పాలి. ఆ సెన్సర్ గాలిలో ఉంది. ఘాట్లో సెకండ్ గేర్లో పాకుతుంటే ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ లేదు, నీళ్ళు లేవు. నీ కారులాంటి దానికి మొత్తం నాలుగు లీటర్ల చిల్లర పడుతుంది. అరకులో రెండు లీటర్లు పట్టాయంటే సగం ఖాళీ అన్నమాట.

మరి ఆ రెండు లీటర్లు ఎక్కడికి పోయాయి? అవి ఘాట్లో పోయినవి కావు బాబూ, నెలల తరబడి చుక్కచుక్కగా పోయినవి. ముందు కుడివైపు గులాబీ మరక అన్నావు. చాలా చిన్న కార్లలో బెల్ట్ వైపు ఉండేది వాటర్ పంపు. దాని కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు అరిగితే అక్కడి నుంచి కారాలని కంపెనీవాళ్ళే పెట్టింది. అక్కడ ఎండిన గులాబీ చారలు ఉంటాయి, టార్చి వేసి చూడు. నా లెక్క ఇది: పంపు చాలా రోజులుగా కారుతోంది, నువ్వు బాటిల్ చూసుకోలేదు, ఘాట్లో నీళ్ళు చాలక హెడ్డు వేడెక్కింది, గ్యాస్కెట్ పోయింది. నీ మేస్త్రి ఇంజిన్ మార్చినా పాత పంపే పెడితే వేసవికి నువ్వు మళ్ళీ ఇక్కడే పోస్టు పెడతావు.

హెడ్డు ఎందుకు వంగుతుంది అంటే, బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బోల్టులు కదలనివ్వవు, అందుకని వంగుతుంది. మధ్యలో నలిగేది గ్యాస్కెట్.

కానీ ఇదంతా ఇక్కడ కూచుని చెబుతున్న మాట. హెడ్డు దించే ముందు పరీక్షలు చేయించు. మొదటిది రూపాయి ఖర్చు లేనిది. పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి అంచు దాకా నీళ్ళు పోసి స్టార్ట్ చేయి. మొదట్లో ఇరుక్కున్న గాలి నాలుగు బుడగలుగా వస్తుంది, అది లెక్క కాదు. ఐదు నిమిషాలయ్యాక కూడా సోడా పొంగినట్టు బుడగలు ఆగకుండా వస్తూ, ఎక్సలేటర్ తొక్కితే ఎక్కువైతే, అవి సిలిండర్లోంచి వస్తున్న గ్యాసు. మొహం దగ్గర పెట్టి చూడకు, ఒక్కోసారి చిమ్ముతుంది. వేడి మీద మూత జోలికి అసలు పోకు. మా డిపోలో తడి గోనె వేసి తీస్తే ఏమీ కాదన్న కుర్రాడికి మోచేతి దాకా తోలు లేచిపోయింది.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీయించి వరసలో పెట్టు. మూడు లేత గోధుమ రంగులో ఉండి ఒకటి కడిగినట్టు తెల్లగా మెరిస్తే నీళ్ళు ఆ సిలిండర్లోకే పోతున్నాయి, ఆవిరి దాన్ని తోమేస్తుంది. ప్లగ్గులు తీసినప్పుడే కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నలుగుతోందో) కొలిపించు. ఆ తర్వాత రేడియేటర్ మూత బదులు చేతిపంపు బిగించి ప్రెషర్ పెట్టే టెస్టు, నీ మూత మీద ఎంత రాసి ఉంటే అంతకు మించకుండా. పది నిమిషాలు ఆ పంపు మీది ముల్లు నిలబడాలి. పడితే బయట ఎక్కడ కారుతుందో కంటికే కనిపిస్తుంది. బయట ఎక్కడా కారకుండా పడిందంటే లోపలికి పోతున్నట్టే.

ఇంకో మాట. పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ టక్కుమని ఆగిపోయి తిరగకపోతే మళ్ళీ మళ్ళీ కొట్టకు. సిలిండర్లో నీళ్ళు నిండి ఉంటాయి. నీళ్ళు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు నీ మేస్త్రి చెప్పిన 48,000 నిజమైపోతుంది.

కొబ్బరిచెట్టు_కింద:

ఇంత అవసరమా అన్నా. మా మావయ్య లారీ రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేసేవాడు, దెబ్బకి ఆగేది. ఒక ప్యాకెట్ పసుపు వేసి, పొగ రాని రోజు చూసి ఓఎల్ఎక్స్‌లో పెట్టేయ్. పాత బండి మీద 20 వేలు తగలేసే బదులు కొత్తదానికి డౌన్ పేమెంట్ కట్టుకో.

డిపో_మేస్త్రి:

పసుపు సంగతి నాకు తెలుసు నాయనా, మేమూ వేసిన వాళ్ళమే. దారి మధ్యలో రేడియేటర్ గొట్టానికి పిన్నీసంత రంధ్రం పడి, ఊరు నలభై కిలోమీటర్లుంటే వేసేవాళ్ళం, డిపోకి రాగానే రేడియేటర్ దింపి కడిగేవాళ్ళం. సిలిండర్లో మంట రగిలే చోట గ్యాస్కెట్ పోతే అక్కడ పసుపు నిలబడుతుందా? రోగం దాచి ఇంకొకడికి అంటగట్టడం గురించి నేనేమీ అనను, కొన్నవాడు ఘాట్ ఎక్కితే పిల్లలు వాడికీ ఉంటారు.

డాలస్_నుంచి_ఓ_చెల్లి:

మేస్త్రి గారు చెప్పినవన్నీ సరైనవే. నాకు జరిగింది ఒకటి కలుపుతాను, ఎందుకంటే తెల్ల పొగ అనగానే హెడ్ గ్యాస్కెట్ అని ముద్ర వేసేస్తారు.

నా పాత కారుకి రెండేళ్ళ క్రితం సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి ఆపి, మళ్ళీ కదిలినప్పుడు తెల్ల పొగ గుప్పుమనేది. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ అని రెండు వేల డాలర్లకు పైగా అంచనా ఇచ్చారు. అనుమానం వచ్చింది, ఎందుకంటే నా కూలెంట్ ఒక్క చుక్క తగ్గలేదు. ఇక్కడ పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కడితే పనిముట్లు ఇంటికి ఇస్తారు, వాడుకుని తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి. అలా ఒక గాజు గొట్టం తెచ్చుకున్నా. రేడియేటర్ మూతి మీద పెట్టి రబ్బరు బంతితో లోపలి గాలిని లాగితే అందులోని నీలం ద్రవంలోంచి పోతుంది. సిలిండర్ గ్యాసు ఉంటే ఆ నీలం పసుపైపోతుంది. నాది నీలంగానే ఉండిపోయింది. అంటే గ్యాస్కెట్ కాదు.

చివరికి దొరికింది ఏమిటంటే, తగ్గుతున్నది బ్రేక్ ఆయిల్. బ్రేక్ మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయి, ఆయిల్ బూస్టర్లోకి (బ్రేక్ తొక్కడం తేలిక చేసే డబ్బా) దిగి, అక్కడి నుంచి వాక్యూమ్ పైపు దాన్ని ఇంజిన్లోకి పీల్చేసుకుంటోంది. మంటలో పడి తెల్ల పొగ. బ్రేకులు పోయేదాకా చూడకుండా బయటపడ్డాను. అందుకే అన్నయ్యా, పొగ చూడ్డం కంటే ముందు ఏ బాటిల్లో ఏది తగ్గుతోందో చూడండి. మీకు కూలెంట్ తగ్గుతోందని తెలుసు కాబట్టి మీది వేరు, కానీ బ్రేక్ ఆయిల్ మట్టం కూడా ఒకసారి చూసేయండి, పది సెకన్ల పని. ఆ నీలం ద్రవం కిట్ ఇండియాలో ఆన్‌లైన్లో దొరుకుతుందని మా తమ్ముడు చెప్పాడు.

ఇంకొకటి, కింద కారిన కూలెంట్ వెంటనే నీళ్ళు పోసి కడిగేయండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి, కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. చిన్నపిల్లలున్న ఇల్లు కదా మీది.

రాయలసీమ_డీజిల్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది డీజిల్ బండి, పొద్దున మాత్రమే తెల్ల పొగ, కళ్ళు మండుతాయి, నీళ్ళు తగ్గవు. నాదీ హెడ్డేనా?

స్పానర్_12_13:

కళ్ళు మండితే అది మండని డీజిల్. గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌లో సిలిండర్‌ని వేడి చేసేవి) చూపించు, ఒకటో రెండో పోయి ఉంటాయి. అవి బాగుంటే ఇంజెక్టర్లు. నీళ్ళు తగ్గనప్పుడు హెడ్డు మాట ఎత్తనివ్వకు.

గాజువాక_బండోడు:

అందరికీ థాంక్స్. ఆదివారం ఆటోనగర్లో వేరే మేస్త్రి దగ్గరికి తాడు కట్టించి లాగించుకుపోయాను, నడపలేదు. మొదట నన్ను చూసి నవ్వాడు గానీ, ఫోన్లో మీ పోస్టులు చూపిస్తే "ఈ డిపో పెద్దాయన ఎవరో తెలిసినోడే" అని పని మొదలుపెట్టాడు.

రిజల్ట్స్ ఇవి. డిప్ స్టిక్ మీద ఆయిల్ బాగానే ఉంది, ఆయిల్ పోసే మూత లోపల మాత్రం కాస్త మజ్జిగ రంగు నురగ ఉంది. కార్పెట్ పొడిగా ఉంది. బ్రేక్ ఆయిల్ మట్టం సరిగ్గా ఉంది. మూత తీసి నడిపితే బుడగలు, నిజంగానే సోడాలా, ఆగలేదు. ప్లగ్గుల్లో మూడోది కొత్తదానిలా తెల్లగా ఉంది, మిగతావి గోధుమ రంగు. కంప్రెషన్ పీఎస్ఐల్లో ఒకటో సిలిండర్‌కి 168, రెండుకి 160, మూడుకి 115, నాలుగుకి 165. చేతిపంపు పెట్టి 13 పీఎస్ఐ దాకా ఎక్కిస్తే పది నిమిషాల్లో 8కి పడింది. వాటర్ పంపు కింద రంధ్రంలోంచి చుక్కలు పడుతూ కనిపించాయి, అక్కడ గులాబీ చారలు పొరలు పొరలుగా కట్టి ఉన్నాయి. ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ కొడితే మూడో రంధ్రంలోంచి సన్నటి తుంపర ఎగిరింది. ఆ తుంపర చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

అంటే పెద్దాయన చెప్పినట్టు రెండూ ఉన్నాయి. హెడ్డు దించమని చెప్పేశాను. మేస్త్రి అడిగినవి రెండు. ఒకటి, థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలేది) తీసేస్తానంటున్నాడు, మన ఎండలకు అది అక్కర్లేదట, లేకపోతే ఎప్పుడూ వేడెక్కదట. రెండు, హెడ్డు బాగానే కనిపిస్తే ఫేసింగ్ (హెడ్డు అడుగును చదునుగా చెక్కడం) అక్కర్లేదు, గ్యాస్కెట్ మార్చి బిగించేద్దాం అంటున్నాడు. ఏమంటారు?

డిపో_మేస్త్రి:

రెండిటికీ వద్దు అని చెప్పు, నా మాటగా చెప్పు.

థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, ఎప్పుడూ చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్లో తేమ పేరుకుంటుంది. కొన్ని ఇంజిన్లలో ఇంకా ఘోరం, ఆ వాల్వు తెరుచుకున్నప్పుడే పక్కదారి మూసుకుంటుంది. వాల్వు తీసేస్తే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉండి, సగం నీళ్ళు రేడియేటర్‌కి పోకుండానే తిరిగొస్తాయి. వేడెక్కకూడదని తీస్తే ఎక్కువ వేడెక్కుతుంది. దాన్ని గిన్నెలో నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టి చూడు, దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. పదిహేనేళ్ళ బండికి చూడ్డం కూడా ఎందుకు, కొత్తదే వేసేయి.

ఫేసింగ్ సంగతి. హెడ్డు వంగిందో లేదో కంటికి కనపడదు. లేత్ షాపులో వంకర లేని ఉక్కు బద్ద హెడ్డు మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చి చూస్తారు. చాలా చిన్న ఇంజిన్లకు 0.05 మిల్లీమీటర్ల దాకానే ఒప్పుకుంటారు, నీ బండి లెక్క మాన్యువల్లో చూసుకో. వెంట్రుక కన్నా తక్కువ అది, మేస్త్రి కంటికి ఎలా తెలుస్తుంది? పగులు ఉందేమో కూడా చూపించు. నీటి దారులు మూసి, లోపల గాలి పెట్టి, వేడినీళ్ళ తొట్టిలో ముంచుతారు, పగులుంటే బుడగ వస్తుంది. పగిలిన హెడ్డుకి ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా ఒక్కటే.

బిగించేటప్పుడు దగ్గరుండు. టార్క్ రెంచ్ (ఎంత బిగువు పడిందో చూపే స్పానర్) ఉందా అని ముందే అడుగు. మధ్య బోల్టు నుంచి మొదలుపెట్టి బయటికి, మూడు నాలుగు విడతల్లో బిగించాలి, విప్పేటప్పుడు దానికి తిరగేసి. బోల్టు రంధ్రాల్లో నీళ్ళు గానీ ఆయిల్ గానీ మిగిలితే బోల్టు దిగేటప్పుడు ఆ నీళ్ళకు పోయే దారి లేక బ్లాకే పగులుతుంది, గాలి కొట్టించి ఆరబెట్టించు. సాగే రకం బోల్టులైతే పాతవి మళ్ళీ వాడకూడదు.

స్పానర్_12_13:

హెడ్డు దించాలంటే టైమింగ్ బెల్ట్ ఎలాగూ తీస్తారు, అదీ, వాటర్ పంపూ, రేడియేటర్ మూతా ఇప్పుడే కొత్తవి వేసేయ్, మళ్ళీ లేబర్ కట్టక్కర్లేదు. మూతని చిన్నచూపు చూడకు. అది ప్రెషర్ పట్టుకుంటేనే కూలెంట్ మరగకుండా నిలబడుతుంది. సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మంచి మూత ఉంటే 120 దాటే దాకా ఆగుతుంది. మూత స్ప్రింగ్ చచ్చుబడితే ఆ తేడా మొత్తం పోయినట్టే.

అరకు కుళాయి నీళ్ళు మొత్తం దింపించు. మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు, నీళ్ళు చాలు అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. తుప్పు పట్టకుండా చూసేదీ అదే, బోరు నీళ్ళు పోస్తే కాఫీ గిన్నె అడుగున కట్టినట్టు లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంట్ గాఢమైనది తెచ్చి బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కలుపు, లేదా కలిపి అమ్మేది కొను. రంగు చూసి కొనకు, గులాబీ అంటే అన్ని కంపెనీలకూ ఒకటే రకం కాదు. మీ మాన్యువల్లో ఏ రకం అని ఉందో అదే. రకాలు కలిస్తే కొన్ని జావలా గడ్డకడతాయి.

గాజువాక_బండోడు:

అప్‌డేట్. పని అయిపోయింది. హెడ్డు 0.12 మిల్లీమీటర్లు వంగింది, మేస్త్రి కూడా బద్ద పెట్టి చూసి తల గోక్కున్నాడు. పగులు లేదు. గ్యాస్కెట్ మూడో సిలిండర్‌కీ దాని పక్కనున్న నీళ్ళ రంధ్రానికీ మధ్య నల్లగా కాలి తెగింది, వేలి గోరంత జాగా. ఆ గోరంత కోసం ఇంజిన్ మార్చేవాణ్ణి.

ఖర్చు అడుగుతారని రాస్తున్నా. గ్యాస్కెట్ సెట్టు 2,600, వాటర్ పంపు 1,900, బెల్ట్ కిట్టు 1,700, లేత్ షాపులో ఫేసింగ్, వాల్వులు రుద్దడం కలిపి 2,200, థర్మోస్టాట్ 600, మూత 250, కూలెంట్ 900, ఆయిల్, ఫిల్టర్ 1,800, లేబర్ 5,500. మొత్తం 17,450. ఇది మా మేస్త్రి లెక్క, మీ ఊళ్ళో వేరుగా ఉండొచ్చు.

కూలెంట్ పోశాక గాలి తీయడానికే గంటన్నర పట్టింది. ముందు చక్రాలు ఎత్తి, హీటర్ ఫుల్‌లో పెట్టి, మూత తీసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపాడు. మధ్యలో ఒకసారి కూలెంట్ గుడగుడమని లోపలికి పోయింది, ఇంకో అర లీటరు పట్టింది. ఏసీ వేయకుండానే ఫ్యాన్ తిరగడం నా కళ్ళతో చూశాను.

పది రోజులైంది. పొద్దున మిస్ కొట్టడం లేదు, బాటిల్లో గీత దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టాను, కదల్లేదు. మొదటి రెండు రోజులు పొగ వస్తే గుండె ఆగినంత పనైంది, మేస్త్రికి ఫోన్ చేస్తే సైలెన్సర్లో మిగిలిన నీళ్ళు, హైవే మీద ఓ గంట తిప్పు అన్నాడు. ఆనందపురం దాకా వెళ్ళొచ్చాక ఆగిపోయింది. డిపో మేస్త్రి గారూ, వెయ్యి కిలోమీటర్లయ్యాక హెడ్ బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించాలి రమ్మన్నాడు మా వాడు. చేయించాలా?

డిపో_మేస్త్రి:

పాతకాలం గ్యాస్కెట్లకు బిగించేవాళ్ళం. నీకు వేసింది రేకుల పొరల గ్యాస్కెట్ అయి, బోల్టులు కోణం లెక్కతో తిప్పే రకం అయితే మళ్ళీ ముట్టుకోకూడదు, ముట్టుకుంటేనే చెడుతుంది. మాన్యువల్లో మళ్ళీ బిగించమని రాసి ఉంటేనే ఒప్పుకో. వెయ్యికి రమ్మన్నాడు కాబట్టి వెళ్ళు, ఇంజిన్ ఆయిల్ మార్పించు, ఆయిల్ పోసే మూత కింద మజ్జిగ రంగు పోయిందో లేదో చూడు. పాత ప్లగ్గే వేశాడా మూడోదానికి?

గాజువాక_బండోడు:

నాలుగూ కొత్తవే వేశాడండి. పాత మూడోది నా డ్రాయర్లో ఉంది.